వరసకు అవ్వ

దేగులో ఆ వసంతమంతా
చెర్రీ పూల కంటే బాష్పవాయువే ఎక్కువ పూసింది.
గేటు దగ్గర మొదలైన పరుగు
లైబ్రరీ వెనక మెట్ల మీద కూలబడితే
పక్కన ఒక అమ్మాయి,
కళ్ళ కింద టూత్‌పేస్టు చారలతో, పిల్ల పులిలా.
"నీకూ పూయనా?" అంది.
నా మొహానికి ఒక ఆడపిల్ల చేసిన మొదటి సేవ అదే.

ముక్కులు ఎగబీల్చుకుంటూ పేర్లు చెప్పుకున్నాం.
"జో హేరాన్."
"నేనూ జోనే!"
"ఏ ఊరి జో?"
"హమాన్."
ఆమె నవ్వు సగం దూరంలో ఆగిపోయింది
ఎర్రదీపం పడ్డ బస్సులా.

ఇంటిపేరొకటే అయితే ఎవరూ పట్టించుకోరు మా దగ్గర.
మూలపురుషుడి ఊరు కూడా కలిసిందా,
ఇక పక్క మీద ఇద్దరి మధ్యా
వెయ్యేళ్ళ నాటి తాతొకడు పడుకున్నట్టే.
చట్టం కూడా ఆయన పక్షమే.

"ఎన్నో తరం?"
ముప్ఫై మూడు, అన్నాను.
వేళ్ళు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.
"నాది ముప్ఫై ఒకటి" అంది మెల్లగా.
"అంటే బాబూ, వరసకు నీకు అవ్వని."

ఆమెకు పందొమ్మిది. నాకు ఇరవై రెండు.

అవ్వను నువ్వు అనకూడదు.
అలిగినా మీరే, ముద్దడిగినా మీరే.
నూడుల్స్ కొట్లో డబ్బు మాత్రం ఆవిడే ఇచ్చేది,
పెద్దరికం కదా.

ఊళ్ళో నాన్న చెవిలో ఎవరు ఊదారో,
ఉయిసంగ్ నుంచి మొదటి బస్సుకే దిగాడు.
వానపామును చూసినా దారిచ్చే మనిషి
ఆ రోజు నిప్పులు తొక్కి వచ్చినట్టున్నాడు.
చంకలో వంశావళి, భుజాన వెల్లుల్లి జడ.
తిట్టడానికైనా సరే
ఒకరింటికి చేతులూపుకుంటూ పోకూడదని
అమ్మ తగిలించిందట.

హేరాన్ అద్దె గదిలో, వెచ్చటి నేల మీద,
రుజువు చూపిద్దామని పుస్తకం తెరిచాడు.
వేలు ఒక కొమ్మ దిగింది, ఇంకో కొమ్మ ఎక్కింది,
ఎక్కిన చోటే బిగుసుకుపోయింది.
ఈ పిల్ల తనకు అత్త!

నాలుక చివరి బూతు మింగి,
కాలరు గుండీ పెట్టుకుని,
యాభై మూడేళ్ళ మా నాన్న
నుదురు నేలకానించి దణ్ణం పెట్టాడు.
వంగినవాడు వంగినట్టే ఉండి
"అత్తయ్యగారూ, తమరు దయచేసి
మా వెధవను వదిలెయ్యాలని మనవి" అన్నాడు.

ఆమె వెన్ను నిటారుగా పెట్టింది.
"లే నాయనా. ఏమన్నా తిని బయల్దేరావా?"

నేను పెదవి కొరుక్కుని గోడ వైపు తిరిగాను.
ఆయన రెండు గిన్నెల అన్నం తిన్నాడు,
పెద్దలు వడ్డించింది కాదనకూడదు మరి.
మెట్లు దిగుతూ నాతో
"మనిషి మంచిదేరా. అదే వచ్చిన చిక్కు" అన్నాడు.
వెల్లుల్లి జడ ఆమె కిటికీకి వేలాడింది.
ఆ వేసవంతా మా ప్రేమ ఎక్కడున్నదీ
వాసన పట్టి చెప్పేవారు హాస్టలు కుర్రాళ్ళు.

మరుసటేడు ప్రభుత్వానికి ఎందుకో జాలి పుట్టి
మాలాంటి జంటల పెళ్ళిళ్ళు రాసుకోడానికి
పన్నెండు నెలలు తలుపు తీసింది.
అప్పటికి బియ్యం మర మీద గదిలో
పొట్టు దులుపుకుంటూ కాపురం ఉంటున్నాం.
సాక్షి ముద్ర ఒకటి తక్కువైంది.
హేరాన్ ఊరికి కార్డు రాసింది:
"అబ్బాయీ, నీ ముద్ర పంపు. ఇట్లు, అత్త."
నాలుగో రోజున వచ్చింది,
వెల్లుల్లి పొరల్లో చుట్టి, ఒక్క మాట కూడా లేకుండా.

డిసెంబరు ఆఖరి వారం,
ఆఫీసు బయట, మంచులో, కాగితం మడిచి
"ఇక నువ్వు అను" అంది.
గొంతు సవరించుకున్నాను. నోరు తెరిచాను.
చేప ముల్లులా అడ్డం పడింది ఆ చిన్న మాట.

"మీరు ముందు నడవండి" అన్నాను,
"జారుతుంది."